ఫ్రాన్సు దేశపు ఇంటి వంటలు



వంటను గూర్చి రేడియోలో మాటలాడుట కొంత సాహసమే. వినినంత మాత్రమున కడుపు నిండదు, వాసన తగులదు, ఉప్పు చాలినదో లేదో తెలియదు. అయినను ఈ సాహసము చేసినవారిలో నేను మొదటిదానను గాను. పారిస్ నగరమున పాస్తర్ పరిశోధనాలయములో పనిచేసిన ఎదువార్ ద పొమియాన్ అను శాస్త్రజ్ఞుడు 1920ల దశకముననే రేడియోలో వంటను గూర్చి ముచ్చటలు చెప్పుచుండెను. ఆ ముచ్చటలు తరువాత పుస్తకరూపమునను వెలువడినవి. ఆయన అడుగుజాడలలో, ఆయన దేశపు వంటలను గూర్చియే నేడు నాలుగు మాటలు మనవి చేయదలచితిని. అయితే నేను చెప్పబోవునది వండు విధానము కాదు. ఆ వంటల చరిత్ర.

ఫ్రెంచివారు మన తెలుగువారికి క్రొత్తవారు కారు. మన పెద్దలు వారిని పరాసులనిరి. 1669లో గోలకొండ సుల్తాను అనుమతి పొంది వారు మచిలీపట్టణమున వర్తకశాల నెలకొల్పిరి. పరాసుపేట యను పేరు నేటికిని ఆ పట్టణమున నిలిచియున్నది. గోదావరి యొడ్డున నున్న యానాము 1954 వరకు వారి యేలుబడిలో నుండెను. బుస్సీ ఫిరంగులను గూర్చి బొబ్బిలి కథలో వినని తెలుగువాడు లేడు. కాని ఆ ఫిరంగులవాండ్ర తల్లులు ఏ కుండలో ఏమి వండి వారిని పెంచిరో విచారించినవారు అరుదు. ఆ విచారణకే ఈ ప్రసంగము. ఆ దేశపు వంటలలో మాంసము విశేషము. మాంసము ముట్టని శ్రోతలు దీనిని చరిత్రగా మాత్రమే విని మన్నింతురుగాక.

ఫ్రెంచి వంట యనగానే మనకు స్ఫురించునవి రాజభవనములు, వెండి పళ్లెరములు, తెల్లని టోపీలు ధరించిన వంటవారు. ఈ అభిప్రాయము నిరాధారము కాదు. 1651లో లా వరెన్ అను వంటవాడు ప్రకటించిన గ్రంథముతో ఆ దేశమున నూతన పాకశాస్త్రము మొదలైనదని చెప్పుదురు. అతడు ఒక ప్రభువు కొలువులోనివాడు. కరేమ్ (1784–1833) రాజులకును మంత్రులకును వండి పేరొందెను. 1903లో ఎస్కోఫియే గొప్ప హోటళ్ల వంటకు ధర్మశాస్త్రము వంటి గ్రంథమును వెలువరించెను. వీరందరును పురుషులు, అందరును ధనికుల పొయ్యిల యొద్ద కీర్తి గడించినవారు. కాని ఆ దేశపు ప్రజలలో అత్యధికసంఖ్యాకులు ఆ వంటలను కన్నులారనైనను చూడలేదు. వారు తినినది ఇంటిలో ఇల్లాలు వండినది. ఈ సంగతిని పుస్తకములవారు మెల్లగా గుర్తించిరి. 1746లో మెనోన్ అను రచయిత తన గ్రంథమునకు వంటవాని పేరు గాక వంటలక్క పేరు పెట్టెను. మధ్యతరగతి యింటి వంటలక్క యని దాని యర్థము. ఆ పుస్తకము తరతరములుగా మరల మరల అచ్చయ్యెను.

మరి ఆ ఇంటి పొయ్యి యెట్టిది? పల్లెటూరి యింటిలో గోడనంటి యొక పెద్ద అగ్నికుండముండెడిది. చలికాలమున ఇంటిల్లిపాదియు దాని చుట్టును చేరెడివారు. దానిపై నొక ఇనుపగొలుసునకు కుండ వ్రేలాడెడిది. ఇల్లు వెచ్చబెట్టు నిప్పే కుండనును ఉడికించెడిది గనుక, గంటల తరబడి సన్నని సెగమీద వండుటకు వేరుగా కట్టెలు వ్యయము చేయవలసిన పని లేదు. ఫ్రెంచివారి ఇంటి వంటలలో పెక్కు తీరికగా, నెమ్మదిగా ఉడుకునవి యగుటకు ఇది యొక ముఖ్యకారణము. గట్టి మాంసపు ముక్క, క్యారెట్టు, టర్నిప్ దుంప, ఉల్లి జాతి కాడలు కుండలో వేసి, నీరు పోసి, తెట్టు తీసివేయుచు మూడు నాలుగు గంటలు కాచుదురు. దానికి వారు పెట్టిన పేరు 'పొతోఫో'. నిప్పుమీది కుండ యని మాత్రమే దాని యర్థము. మొదట ఆ రసమును, పిదప మాంసమును దుంపలను తిందురు. ఒక కుండతో రెండు వడ్డనలు! మన యిండ్లలో పప్పుకట్టుతో చారు కాచి, అడుగున నున్న ముద్దపప్పును వేరుగా వడ్డించు నేర్పు నాకు దానిలో కనుపించును.

సూపు అను మాట చరిత్రయు ఇట్టిదే. మొదట సూపు అనగా రసము కాదు. రసము పోయుటకై గిన్నె యడుగున నుంచిన రొట్టెముక్క. బీదలయిండ్లలో రొట్టె ప్రతిదినము కాల్చబడెడిది కాదు. కొన్ని దినములకొకసారి కాల్చిన పెద్ద రొట్టె ఎండి రాయివలె నగును. దానిని మెత్తపరచుటకు వేడి రసము పోసెడివారు. నేడు హోటళ్లలో సొగసుగా వడ్డించు ఉల్లిపాయ సూపునకు మూలము ఈ ఎండురొట్టెయే. మనవారు రాత్రి మిగిలిన అన్నమున నీరు పోసి చద్దియన్నము చేసిన బుద్ధియే అది.

ఈ సందర్భమున నాల్గవ హెన్రీ రాజు కథయొకటి చెప్పుదురు. తన రాజ్యములో ప్రతి కర్షకుని కుండలోను ఆదివారమున కోడి యుండవలెనని ఆయన కోరెనట. బడిపిల్లలందరును నేర్చుకొను కథ యిది. ఆయన 1610లో హతుడయ్యెను. ఈ మాట గ్రంథస్థమై ప్రసిద్ధికెక్కినది సుమారు అర్ధశతాబ్దము తరువాత, ఆయన మనుమడు పదునాల్గవ లూయీ కాలమున. రాజు ఆ మాట అనెనో లేదో గాని, కోరిక మాత్రము నిజము చెప్పుచున్నది: కుండలో కోడి లేని యిండ్లు అసంఖ్యాకములని.

బీదరికము మాత్రమే కాదు, పన్నులును వంటను మలచినవి. పూర్వము ఫ్రాన్సులో ఉప్పుపన్ను కలదు. 'గబెల్' అని దాని పేరు. కొన్ని మండలములలో ప్రతి కుటుంబమును నిర్ణీతమైన ఉప్పును ప్రభుత్వపు ధరకు కొనియే తీరవలెను. సముద్రతీరమున నున్న బ్రిటనీ మండలమునకు ఆ పన్ను లేదు. అందుచేతనే బ్రిటనీవారు నేటికిని వెన్నలో ఉప్పు కలిపి వాడుదురనియు, తక్కినచోట్ల ఉప్పులేని వెన్నయే అలవాటైనదనియు చెప్పుదురు. 1790లో విప్లవప్రభుత్వము ఆ పన్నును రద్దు చేసినది. 1806లో నెపోలియన్ ఉప్పుమీద మరల పన్ను విధించెను. 1930లో సముద్రపు నీరు కాచి చెరసాలలకేగిన మన తీరవాసులకు ఈ కథను వేరుగా వివరింపనక్కరలేదు. ఉప్పుపన్ను ప్రభుత్వపు లెక్కలలో ఒక పద్దు; ఇల్లాలికి అది ప్రతిదినము చేయి బిగబట్టవలసిన చిటికెడు.

రొట్టె కాల్చు బట్టీ విషయమును అట్టిదే. పెక్కు గ్రామములలో బట్టీ ప్రభువుది. గ్రామస్థులు తమ పిండిని అక్కడికే తెచ్చి, రొట్టె కాల్చుకొని, దానికి రుసుము చెల్లింపవలెను. విప్లవకాలమున ఈ హక్కులు పోయినవి. కాని బట్టీ యొద్దకు పాత్రను మోసికొనిపోవు అలవాటు పోలేదు. రొట్టెలవాడు రొట్టెలు తీసివేసిన పిమ్మట బట్టీలో మిగిలిన వేడి చల్లారుటకు చాలాసేపు పట్టును. ఆ మిగులు వేడిలో తమ కుండలు పెట్టించుకొనుట గృహిణుల పొదుపరితనము. ఆల్సేస్ మండలపు ప్రసిద్ధవంటకము 'బెకెయోఫె' పేరునకు రొట్టెలవాని బట్టీ యనియే యర్థము. మూడు విధములైన మాంసములు, ఉల్లి, బంగాళాదుంపలు పొరలుపొరలుగా మట్టిపాత్రలో పేర్చి, తెల్లని ద్రాక్షసారాయము పోసి, మూతచుట్టును పిండిముద్దతో బిగించెదరు. సోమవారము బట్టలుతుకు దినము. ఇల్లాలికి పొయ్యిదగ్గర నిలుచుటకు తీరికయుండదు గనుక, పోవుచు పోవుచు ఆ పాత్రను రొట్టెలవానికి అప్పగించెడిదని అచ్చటివారు చెప్పుదురు.

ఆ ఆల్సేస్ 1871లో జర్మనీ వశమయ్యెను. 1918లో ఫ్రాన్సునకు వచ్చెను. 1940లో మరల జర్మనీవారు ఆక్రమించిరి. యుద్ధాంతమున మరల ఫ్రాన్సును చేరెను. బడిలో భాష మారినది, వీథుల పేర్లు మారినవి, నాణెములు మారినవి. బట్టీలోని కుండ మాత్రము మారలేదు. రాజ్యము లెన్నిసారులు చేతులు మారినను ఇంటిలో అమ్మ వండు విధము మారకుండుట చిన్నసంగతి కాదు.

ఇంటివంట మారదని చెప్పితిని గదా. ఇప్పుడు దానికి విరుద్ధమైన సంగతి చెప్పవలసియున్నది. దక్షిణ ఫ్రాన్సులో 'కస్సూలే' యను వంటకము కలదు. తెల్లని బీన్సు గింజలను పందిమాంసముతోను, బాతుమాంసముతోను మట్టిపాత్రలో గంటలకొలది మగ్గబెట్టుదురు. పైన గట్టి పెచ్చు కట్టును. దానిని గరిటెతో లోనికి నొక్కి మరల కట్టనిత్తురు. ఆ పాత్రపేరు 'కస్సోల్'. కస్తెల్నోదరి పట్టణమునకు సమీపమున నున్న ఇస్సెల్ గ్రామపు కుమ్మరులు దానికి ప్రసిద్ధులు. వంటకమునకు కుమ్మరివాని పాత్ర పేరే నిలిచినది.

కస్సూలే పుట్టుకను గూర్చి కస్తెల్నోదరివారు చెప్పుకొను కథ యిది. శతవత్సర యుద్ధమున 1355లో నల్ల రాకుమారుడని పేరుగాంచిన ఆంగ్లరాజపుత్రుడు ఆ పట్టణముపై బడెను. అప్పుడు ఆకొన్న పౌరులు తమ యిండ్లలో మిగిలిన గింజలను మాంసమును ఒక్కచోట కలిపి వండుకొని తిని, ఆ బలముతో శత్రువులను తరిమిరట. కథ చాల అందముగా నున్నది. కాని చరిత్ర దానిని అంగీకరింపదు. ఆ సంవత్సరమున ఆంగ్లసేన ఆ పట్టణమును తగులబెట్టినమాట నిజము. తరుమబడినమాట నిజము కాదు. అంతకంటెను చిత్రమైనది మరియొకటి. కస్సూలేలో వాడు బీన్సు గింజ అమెరికా ఖండపు పంట. కొలంబసు ఆ ఖండమును చేరినది 1492లో. అనగా ఆ ముట్టడికి 137 సంవత్సరముల తరువాత. అంతకు ముందు ఐరోపాలో వేరొక జాతి పెద్దగింజలుండెడివి గనుక, ఏదో యొక గింజల కూర ఉండియుండవచ్చును. నేటి కస్సూలే మాత్రము ఆ ముట్టడిలో పుట్టలేదు.

అయినను ఆ మండలములో దీనిని గూర్చిన తగవులు తీరవు. కస్తెల్నోదరి, కర్కస్సోన్, తులూజ్ పట్టణములు మూడును తమదే అసలు కస్సూలే యని వాదించును. కర్కస్సోనులో జన్మించిన ప్రోస్పేర్ మొంటాన్యే యను పాకశాస్త్రజ్ఞుడు ఈ మూటిని క్రైస్తవుల త్రిమూర్తితత్త్వముతో పోల్చి, ముగ్గురికిని దైవత్వమిచ్చి తగవు తీర్పజూచెను. అనతోల్ ఫ్రాన్సు అను మహారచయిత 1903లో ప్రకటించిన యొక నవలలో పారిసులోని యొక పూటకూళ్లమ్మ కస్సూలేను వర్ణించెను. ఆమె కుండ ఇరువది సంవత్సరములుగా పొయ్యిదిగలేదట. అప్పుడప్పుడు మాంసమో గింజలో చేర్చుటయేగాని, కుండలోనిది మాత్రము ఆ పాతదేనట. అది హాస్యము కావచ్చును. కాని సంప్రదాయమునకు అంతకంటె మంచి ఉపమానము నాకు దొరకలేదు. దినదినము ఏదో యొకటి చేరుచునే యుండును; అయినను అది ఆ కుండయే.

బంగాళాదుంప చరిత్రయు ఇట్టిదే. ఇదియును అమెరికానుండి వచ్చినదే. పార్మాంతియే (1737–1813) అను ఔషధశాస్త్రజ్ఞుడు దీనిని ఫ్రెంచివారికి నేర్పెనని పుస్తకములు చెప్పును. ఆయన యుద్ధమున ప్రష్యావారికి చిక్కి, చెరలో ఈ దుంపలు తిని బ్రతికి, దేశమునకు తిరిగివచ్చి వాని గుణములను చాటెను. 1772లో పారిస్ వైద్యపండితులు ఇది తినదగినదేయని తీర్పు చెప్పిరి. ఆయన సేవ గొప్పదే. కాని 1600లోనే ఒలివియే ద సేర్ అను వ్యవసాయ గ్రంథకర్త ఈ దుంపను వర్ణించి, ఇది తూర్పు కొండలవైపునుండి దోఫినే మండలమునకు వచ్చినదని వ్రాసెను. పండితుల తీర్పునకు ముందే కొండపల్లెల బీదలు దానిని నాటుకొని తినుచుండిరన్నమాట. ఆ దోఫినేలోనే గాప్ పట్టణమున 1788లో ఒక ప్రభువు నగరాధికారులకు చేసిన విందులో 'గ్రాతెన్' అను బంగాళాదుంపల వంటకము వడ్డింపబడినట్లు చెప్పుదురు. ఆ మరుసటి సంవత్సరమే విప్లవము వచ్చెను. ప్రభువులు పోయిరి, గ్రాతెన్ నిలిచెను.

ఈ గ్రాతెనులో మాంసము లేదు గనుక నేనును ఇంటిలో వండి చూచితిని. దుంపలను రేకులుగా తరిగి, వెల్లుల్లి రుద్దిన మట్టిమూకుడులో పేర్చి, పాలు, మీగడ, ఉప్పు, కొంచెము జాజికాయపొడి చేర్చి, మా మేనత్తగారి దాలిగుంటలో పిడకల సెగను పెట్టితిని. మూతమీదను కొన్ని నిప్పులు పోసితిని. రెండు గంటలకు తీసి చూతునుగదా, దుంపలొకచోటను, విరిగిన పాలొకచోటను! నేను తరిగిన రేకులను శుభ్రత పేరిట మూడు నీళ్లు కడిగితిని. మా మేనత్తగారు మూకుడులోనికి చూచి, “అమ్మాయీ, బియ్యం కడిగి కుడితి పారబోసినట్టు దాని గంజంతా పారబోశావు. ఇంక పాలు దేన్ని పట్టుకుని చిక్కబడతాయి?” అనిరి. ఆమె ఫ్రాన్సు పేరు వినుటయే కాని, ఆ దేశపు వంట నెన్నడును చూచినవారు కారు. మరునాడు కడుగకుండ చేసితిని. దుంపలోని గంజి పాలలో దిగి, పాలు విరుగక చిక్కబడి, పైన ఎఱ్ఱని మీగడ కట్టినది. దోఫినే ఇల్లాండ్రును తరిగిన రేకులను కడుగవద్దనియే చెప్పుదురని తరువాత చదివితిని. పుస్తకములో నొక పంక్తిగా నున్న విషయము రెండు దేశముల వృద్ధస్త్రీల చేతులలో పూర్వమునుండియు నున్నది.

ఇచ్చట మన సంగతియు నొకటి జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. మిరపకాయ లేని ఆంధ్రుల వంట నేడు మనము ఊహింపలేము. కాని మిరపకాయయు అమెరికానుండి పోర్చుగీసువారి ఓడలలో వచ్చినదే. అంతకు ముందు మన కారము మిరియములది. కాబట్టి ఫ్రెంచివాని బీన్సును చూచి నవ్వుటకు మనకు వీలు లేదు. పరదేశపు గింజ ఇంటి కుండలో పడి, కొన్ని తరములు ఉడికి, తాతలనాటిదను పేరు పొందుట రెండు దేశములందును జరిగినదే.

సముద్రతీరపు వంటకమొకటి చెప్పుదును. మార్సేయ్ రేవులో జాలరులు పట్టిన చేపలలో మంచివానిని అంగడికి పంపి, ముండ్లెక్కువై అమ్ముడుపోని రాతిచేపలను తామే వండుకొనెడివారు. ఆలివునూనె, ఉల్లి, వెల్లుల్లి, సోపు, కుంకుమపువ్వు వేసి పెద్దమంటపై తటాలున మరగించిన ఆ పులుసే 'బూయబేస్'. తరువాతి కాలమున టమాటాయును అందు చేరినది, అదియు అమెరికాదే. బీదజాలరుల ఆ పులుసు క్రమముగా హోటళ్లకెక్కెను. 1980లో మార్సేయ్ హోటళ్లవారు కొందరు కూడి, ఏయే చేపలుండిన అది నిజమైన బూయబేస్ అగునో ఒక ఒడంబడిక వ్రాసికొనిరి. నేడు దాని ధర సామాన్యులకు అందరానిది. అమ్ముడుపోని చేపల పులుసు అందరు కొనలేని పులుసైనది! వంటకమునకు గౌరవము వచ్చెను. దానిని కనిపెట్టినవారికి అది దూరమయ్యెను.

ఇక ఈ ప్రాంతీయ వంటలు పుస్తకములకెక్కిన కథ. 1830లో నీమ్ పట్టణమున దురాన్ అను వంటవాడును, 1897లో మార్సేయ్ పట్టణమున రెబూల్ అను నతడును దక్షిణదేశపు వంటలను గ్రంథస్థము చేసిరి. అయినను పారిసువారికి పల్లెవంటలయందు ప్రీతి కలిగినది మోటారుబండ్లు వచ్చిన తరువాతనే. 1900లో మోటారు టైర్ల తయారీదారులగు మిషెలెన్ వారు ప్రయాణీకులకై మార్గదర్శిని ప్రకటించిరి. మొదటి ప్రపంచయుద్ధానంతరము క్యుర్నోన్స్కీ యను రచయిత మార్సెల్ రూఫ్ అను మిత్రునితో దేశమంతయు తిరిగి, 1921 మొదలుకొని మండలమునకొక సంపుటము చొప్పున భోజనములను గూర్చి ఇరువదికి పైగా పుస్తకములు వెలువరించెను. 1927లో ఆయనకు భోజనప్రియుల రాకుమారుడను బిరుదు లభించినది. ఆ యుద్ధములో ఫ్రాన్సు పదమూడు లక్షలకు పైగా సైనికులను గోల్పోయినది. వారిలో పల్లెటూరి బిడ్డలు విశేషము. పొలములు పాడుపడి, యువకులు పట్టణములకు వలసపోవుచున్న ఆ దినములలోనే పల్లెకుండలపై ప్రేమ పుట్టుట యాదృచ్ఛికము కాదు. పోవుచున్నదానిని కాగితముపై పట్టుకొనవలెనను తహతహ దానిలో నున్నది. అంతకు ముందు పట్టించుకొననివారే, చేజారునప్పుడు చేతులు చాచిరి.

లూసియెన్ ఫెవర్ అను చరిత్రకారుడు 1930ల దశకమున ఫ్రాన్సులో ఏ మండలమువారు ఏ కొవ్వుతో వండుదురో విచారించి పటము సిద్ధపరచెను. ఉత్తరమున వెన్న; దక్షిణ సముద్రతీరమున ఆలివునూనె; నైరృతి భాగమున బాతుకొవ్వు; పెక్కుచోట్ల పందికొవ్వు. రాజులు గీసిన సరిహద్దులు ఆ పటమున కనబడవు. నువ్వులనూనె యెక్కడ ఆగునో, కొబ్బరినూనె యెక్కడ మొదలగునో అట్టి పటము మనదేశమునకును గీయవచ్చును. యుద్ధముల చరిత్ర మాత్రమే చరిత్ర కాదని ఆ విద్వాంసుల పరిశ్రమ మనకు నేర్పుచున్నది.

ఈ కథలో ఒక స్త్రీ పేరు చెప్పక ముగింపజాలను. ఎజేని బ్రాజియే 1895లో బూర్గ్-ఆన్-బ్రెస్ సమీపమున రైతుకుటుంబమున జన్మించెను. పదియేండ్ల ప్రాయముననే తల్లిని గోల్పోయి, పరులయిండ్ల పందులను కాచెను. పెండ్లి కాకయే బిడ్డను కని, యిల్లు విడువవలసినదై, లియోన్ నగరమున ఒక యింట పనికత్తెగా చేరి వంట నేర్చెను. ఆ నగరమున ధనికుల యిండ్లలో వండి, పిదప తామే చిన్న భోజనశాలలు పెట్టిన స్త్రీలు పలువురు. ప్రజలు వారిని 'అమ్మ' యనియే పిలిచెడివారు. 1921లో ఈమెయు అట్టి భోజనశాలను తెరచెను. 1933లో మిషెలెన్ వారు ఆమె నడపిన రెండు భోజనశాలలకును మూడేసి నక్షత్రముల నిచ్చిరి. అది వారి అత్యున్నత గౌరవము. పందులు కాచిన పిల్ల ఎస్కోఫియే వారసులను మించినది. ఆమె యొక్క వంట రాజభవనముల వంట కాదు. కోడి, దుంపలు, మీగడ, ఇంటి నేర్పు. పేరు దక్కిన అమ్మ ఆమె. ఆమె వెనుక పేరు దక్కని అమ్మలు ఎందరు?

ఆ పిమ్మట రెండవ యుద్ధము వచ్చెను. 1940లో ఫ్రాన్సు ఓడిపోయినది. ఆ సెప్టెంబరు నుండి రొట్టె, మాంసము, కొవ్వులు చీట్లపై కొలిచి యిచ్చుట ఆరంభమయ్యెను. పశువులకు పెట్టు దుంపలను మనుష్యులు తినిరి. యుద్ధము ముగిసినను ఆకలి ముగియలేదు. 1949 వరకు చీట్లు కొంతకొంతగా కొనసాగినవి. వెన్నలేదు, మాంసము లేదు, బాతుకొవ్వు లేదు. అట్టి తొమ్మిది సంవత్సరములలో కస్సూలే వండు విధము ఎచ్చట దాగియుండెను? పుస్తకములలో కొంత, స్త్రీల జ్ఞాపకములలో అంతకంటె ఎక్కువ. సరకులు తిరిగివచ్చిననాడు ఆ జ్ఞాపకము లేకపోయినచో, గింజలును మాంసమును ఉండియు కస్సూలే ఉండెడిది కాదు.

2010లో ఐక్యరాజ్యసమితి విద్యాసాంస్కృతిక సంస్థయగు యునెస్కో ఫ్రెంచివారి విందుభోజన సంప్రదాయమును మానవజాతి సాంస్కృతిక సంపదలలో నొకటిగా నమోదు చేసినది. అది ఫ్రెంచివారికి గర్వకారణమే. కాని ప్రతిదినము పొయ్యి రాజేసి, తెట్టు తీసి, ఉప్పు సరిచూచి, అందరును తిన్న పిదప మిగిలినది తాను తిన్న ఇల్లాలి పేరు ఏ పట్టికలోను ఎక్కలేదు.

శ్రోతలారా, ఇంతకును నేను చెప్పదలచినది ఒక్కటే. ఇంటివంట పురాతనము గనుక గొప్పది కాదు. బీన్సు క్రొత్తది, దుంప క్రొత్తది, టమాటా క్రొత్తది. ముట్టడికథలును రాజుల కోర్కెలును తరువాతివారు కట్టినవి. ఆ వంటలో నిజముగా ప్రాచీనమైనది ఒక్కటే: ఉన్నదానితో ఇంటిల్లిపాదికిని చాలునట్లు చేయుటకు ఇల్లాలు పడిన పాటు. పన్ను హెచ్చిన ఉప్పును తగ్గించినది ఆమె. రొట్టెలవాని మిగులు వేడిని వాడుకొన్నది ఆమె. ఎండురొట్టెను సూపు చేసినది ఆమె. కథ రాజుది కావచ్చును, బిరుదు రచయితది కావచ్చును, కుండ ఆమెది.

మా మేనత్తగారు ఆ గ్రాతెన్ రుచి చూచి, బాగున్నదని గాని బాగులేదని గాని అనలేదు. “ఈసారి కాస్త అల్లం వెయ్యి” అనిరి. దోఫినేవారు వినిన కోపింతురేమో! కాని నేను వేసితిని. మీ యింటిలోని పెద్దలు చేయు వంట నొకదానిని ఈ వారమున వారిదగ్గర కూర్చుండి చూడుడు, కొలతలడిగి వ్రాసికొనుడు, వ్రాసినదాని క్రింద వారి పేరు వ్రాయుట మాత్రము మరువకుడు.